పన్నెండు కార్డులు, ఒకే నంబరు

పుంగనూరు బస్టాండులో దిగి, పూలకొట్టు దాటి, ఇంటి సందు మలుపు తిరిగాక కల్పన ఠక్కున ఆగిపోయింది.

భుజానికి హ్యాండ్‌బ్యాగు ఉంది. చేతిలో ఉండాల్సిన పసుపుపచ్చ గుడ్డసంచి లేదు.

సంచిలో గిన్నెలు తీసేసిన పాత పోపుల డబ్బా ఉంది. డబ్బాలో పన్నెండు ఏటీఎం కార్డులున్నాయి. సమయం నాలుగూ పది. ఇవాళ ఏడో తారీఖు, జీతాల రోజు. సాయంత్రం ఆరింటికి ఆ పన్నెండు అకౌంట్లలో జీతాలు పడతాయి. సంచి ఉన్న బస్సు మాత్రం పలమనేరు మీదుగా కుప్పం వెళ్లిపోతోంది.

కల్పన వెనక్కి తిరిగి పరుగెత్తింది. బస్టాండులో బస్సు ఉన్నచోట ఇప్పుడు ఒక ఆవు నిలబడి ఉంది.

విచారణ కిటికీలో ఉన్నాయన నింపాదిగా రిజిస్టరు చూసి కండక్టరుకు ఫోన్ చేశాడు. స్విచాఫ్.

"కుప్పంలో దిగినాక ఆన్ చేస్తాడ్లేమ్మా. సంచిలో ఏముండాది?"

"పోపుల డబ్బా."

"పోపుల డబ్బాకా ఇంత ఏడుపు?"

ఏడుపు డబ్బాకు కాదు. ఆ డబ్బా వెనక ఆరు నెలల కథ ఉంది.

మదనపల్లె శివార్లలో చొక్కాలు కుట్టే కంపెనీ. మూడు వందల మంది పనిచేస్తే రెండు వందల ఎనభై మంది ఆడవాళ్లే. మూడో లైన్లో కల్పన కాలర్లు కుడుతుంది. ఆరు నెలల కిందట కంపెనీ వాళ్లు ప్రతి బుధవారం అన్నాలయ్యాక అరగంట 'డబ్బు క్లాసు' పెట్టించారు. పాఠం చెప్పడానికి భార్గవి అనే ఆమె వచ్చింది. చిన్న వయసు, కుప్పం అమ్మాయి, ఏదో ట్రస్టులో ఉద్యోగం.

మొదటి రోజు భార్గవి అడిగిన మొదటి ప్రశ్న: "మీ ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉన్నవాళ్లు చేతులెత్తండి."

నలభై మందిలో రెండు చేతులు లేచాయి. అందులో ఒకామె రేషన్ కార్డనుకుని ఎత్తింది.

మిగతా కార్డులన్నీ మొగుళ్ల జేబుల్లో ఉన్నాయి. జీతం పడగానే ఆయన వెళ్లి తీస్తాడు. అందులోంచి ఆమెకు బస్సుచార్జీ ఇస్తాడు. ఇదేదో దౌర్జన్యమని ఎవరూ అనుకోలేదు. చెత్తబుట్ట గుమ్మం పక్కన ఉన్నట్టు, కార్డు మొగుడి జేబులో ఉంటుంది, అంతే.

క్లాసు మొదలయ్యాక కదలిక వచ్చింది. మాలతి తన మొగుడు సాయితో, కంపెనీలో కార్డులు తనిఖీ చేస్తున్నారని చెప్పి తెచ్చేసుకుంది. చెకింగ్ సెక్షన్ నాగరత్నమ్మ మూడు రోజులు ఏడ్చి సాధించింది. కల్పన తెలివిగా ఆలోచించింది. మొగుడు మునిరాజ చొక్కా ఉతికేటప్పుడు జేబులోంచి కార్డు తీసి దాచేసి, "రాత్రి నువ్వు డబ్బులు తీసినప్పుడు మిషన్ మింగేసినట్టుండాది" అంది. ఆ రాత్రి అతను కొంచెం తాగి ఉన్నాడు కాబట్టి నమ్మాడు. బ్యాంకులో కొత్తదానికి రాసిచ్చానని, జీతం అంతవరకు కంపెనీలోనే చేతికిస్తారని చెప్పి రెండు నెలలు నెట్టుకొచ్చింది.

అట్లా పన్నెండు కార్డులు విడుదలయ్యాయి. వాటిని ఎక్కడ పెట్టాలి? బియ్యం డబ్బా, దేవుడి పటం వెనక, చీర మడతలు, మొగుళ్లకు తెలియని చోటంటూ ఇంట్లో లేదు. అందుకే కల్పన కంపెనీ లాకర్లో పోపుల డబ్బా పెట్టింది. పన్నెండూ అందులోకి చేరాయి. కల్పనను క్లాసు లీడరు చేశారు. పుట్టి ముప్పై మూడేళ్లకు ఆమె దేనికైనా లీడరు కావడం అదే మొదలు.

ఇవాళ శనివారం, ఒంటిపూట. సోమవారం నుంచి లాకర్లకు రంగులేస్తారు, అన్నీ ఖాళీ చేయమన్నారు. కల్పన డబ్బాను సంచిలో పెట్టుకుని కుప్పం బస్సెక్కింది.

పక్క సీట్లో ఒకాయన కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, జేబులో మూడు పెన్నులు. పేరు హనుమంతు అని చెప్పుకున్నాడు. నోరు తెరిస్తే చెల్లెమ్మా. పదివేలు కడితే వంద రోజుల్లో ఇరవై వేలు వచ్చే స్కీము ఒకటి ఉందన్నాడు.

ఇంకెవరైనా అయితే కిటికీ వైపు తిరిగేవాళ్లు. కల్పన క్లాసు లీడరు. మదనపల్లె నుంచి పుంగనూరు దాకా ఆయనకు పాఠం చెప్పింది. రెట్టింపు ఎవడూ ఊరికే ఇయ్యడని చెప్పింది. తామంతా పాత డబ్బులను పోస్టాఫీసులో నెలనెలా కట్టే డిపాజిట్టులో వేసేశామని చెప్పింది. ఈ రోజు ఆరింటికి కొత్త జీతం పడుతుందని చెప్పింది. మా పన్నెండు మంది కార్డులూ ఎవడి చేతికీ చిక్కవని, ఒడిలో సంచిని తట్టి మరీ చెప్పింది. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. పుంగనూరు వచ్చేసరికి చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. నిలబడి చివరి ముక్క చెబుతూ, సంచిని సీటు మీద పెట్టి, దిగిపోయింది.

విచారణ కిటికీ పక్కన నిలబడి కల్పన భార్గవికి ఫోన్ చేసింది.

"మేడమ్, కార్డులు పోయినాయి."

"ఎవరివి?"

"అందరివీ."

"కంగారు పడొద్దు కల్పనా. పిన్ నంబరు తెలీకుండా ఎవరూ ఏమీ చేయలేరు. మూడుసార్లు తప్పు కొడితే కార్డు దానంతటదే ఆగిపోతుంది."

"తప్పు కొట్టడు మేడమ్. డబ్బా మూత లోపల రాసిపెట్టినా."

"ఏ కార్డుది రాశారు?"

"అన్నిటిదీ. ఒకటే కదా."

"ఒకటే అంటే?"

"మీరు బోర్డు మీద రాసిందే. ఏడు మూడు తొమ్మిది ఒకటి."

ఫోను కట్ అయిందేమోనని కల్పన రెండుసార్లు హలో అంది.

"కల్పనా," అంది చివరికి భార్గవి, "అది ఉదాహరణ."

"ఉదాహరణ బాగుండాది మేడమ్. దాన్నే పెట్టుకున్నాం."

జరిగింది ఇది. ఎవరూ ఊహించలేని నంబరు పెట్టుకోండి, ఇట్లాంటిది, అని భార్గవి మూడో క్లాసులో బోర్డు మీద నాలుగు అంకెలు రాసింది. చదువుకున్న మనిషి ఏరిన నంబరు. దాన్ని మించిన నంబరు తమకెక్కడ దొరుకుతుంది? పన్నెండు మందీ ఎవరికి వాళ్లు, రహస్యంగా, ఒకరికొకరు చెప్పుకోకుండా దాన్నే పెట్టుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి, నేను మరిచిపోతే నువ్వు గుర్తుపెట్టుకో అక్కా అని కల్పన చెవిలో అదే నంబరు చెప్పారు. పన్నెండు నంబర్లు గుర్తుపెట్టుకునే బాధ తప్పిందని కల్పన సంతోషించింది.

"మీరు చెప్పిందంతా చేసినాం మేడమ్. పుట్టిన సంవత్సరం వద్దంటిరి, పెట్టలేదు. కార్డు మీద రాయొద్దంటిరి, రాయలేదు. మొగుళ్లకు చెప్పొద్దంటిరి, సచ్చినా చెప్పలేదు."

"సరే, సరే. ఇప్పుడు అందరూ బ్యాంకుకు ఫోన్ చేసి కార్డులు ఆపించండి. అకౌంటుకు ఇచ్చిన ఫోన్ నంబరు నుంచే చేయాలి. మీ అకౌంటుకు ఏ నంబరు ఇచ్చారు?"

"మా ఆయనది. జీతం పడిన మెసేజీలు ఆయన సూడకముందే నేనే తుడిచేస్తా ఉంటి."

"మిగతావాళ్లు?"

"వాళ్ల వాళ్ల ఆయనలది."

ఇద్దరికీ అర్థమైంది. పన్నెండు మంది మొగుళ్లకు విషయం చెబితే కార్డులు ఆగుతాయి. ఆ తర్వాత కొత్త కార్డులు తిన్నగా వాళ్ల జేబుల్లోకి వెళతాయి. ఇంకెప్పటికీ బయటికి రావు. ఆడోళ్ల చేతికి కార్డులిస్తే ఏమయిందో చూడండని మునిరాజ టమోటా మండీలో నిలబడి ఏడాదిపాటు చెప్పుకుంటాడు. నాగరత్నమ్మ మూడు రోజుల ఏడుపు వృథా అవుతుంది.

"చెప్పేది లేదు మేడమ్," అంది కల్పన. "కార్డును ఆపలేకపోతే జీతాన్నే ఆపిస్తా."

కంపెనీ టైమాఫీసులో జీతాలు చూసేది భీమరావు. పదకొండేళ్లుగా అదే కుర్చీ. ఫోనెత్తగానే ఆయనే మొదలుపెట్టాడు.

"ఆరింటికి పడతాదని పొద్దున్నుంచి చెప్తానే ఉండా. నువ్వు నలభయ్యో దానివి. నా చేతిలో ఏమన్నా మిషను ఉండాదా తిప్పేదానికి?"

"అది కాదు సార్. వెయ్యొద్దు."

"ఏమి వెయ్యొద్దు?"

"జీతం."

భీమరావు గొంతు సవరించుకున్నాడు. "ముందే వెయ్యమని ఏడ్చినోళ్లను సూసినా. లేటయిందని తిట్టినోళ్లను సూసినా. వద్దన్న మనిషిని ఈ కుర్చీలో కూర్చున్నాక సూళ్లేదమ్మా. ఒంట్లో బాగుండాదా?"

కల్పన మొత్తం చెప్పింది. ఆయన విని, "రాసియ్యాల. పన్నెండు మంది సంతకాలు కావాల," అన్నాడు.

"యాడనుంచి తెచ్చేది సార్ ఇప్పుడు? ఫోన్లో నోటితో చెప్పిస్తా, రికార్డు చేసుకోండి."

"మేనేజరును అడగాల. ఆయన పెండ్లిలో ఉండాడు. సూస్తా," అని పెట్టేశాడు.

సూస్తా అంటే చేస్తాననా, చేయననా? ఆ ఆఫీసులో అది ఎవరికీ తెలియదు. కల్పన పదకొండు మందికీ వరసగా ఫోన్లు చేసింది. పావుగంటలో భీమరావు ఫోనుకు వాట్సాపులో మాటలు రావడం మొదలైంది. నా జీతం ఆపండి సార్ అని మాలతి పంపింది, వెనక కుక్కరు కూత. చౌడమ్మ పంపినదాంట్లో మేకల అరుపులు. నాగరత్నమ్మ బాత్రూములో కొళాయి తిప్పి, గుసగుసగా, "సార్, నేను నాగరత్నమ్మని, నా జీతం నాకొద్దు, మా ఆయనకు మాత్రం చెప్పొద్దు," అంది. భీమరావు వైపు నుంచి జవాబు లేదు. ఫోన్ చేస్తే బిజీ.

ఇక మిగిలింది డబ్బాను పట్టుకోవడం. దానికి బండి కావాలి. బండి మునిరాజది. కండక్టరు దొరికితే చెప్పమని కిటికీ ఆయనకు తన నంబరిచ్చి కల్పన ఇంటికి పరుగెత్తింది.

మునిరాజ సొంత పికప్ బండిలో పల్లెల నుంచి మదనపల్లె మండీకి టమోటా తోలుతాడు. ఇంటి ముందు ఖాళీ క్రేట్లు దించుతున్నాడు.

"మావా, కుప్పం పోవల్ల. ఇప్పుడే."

"కుప్పమా? యాల?"

"బస్సులో పోపుల డబ్బా మరిచిపోయినా."

"పోపుల డబ్బాకు అరవై అయిదు కిలోమీటర్లా? డీజిల్ ధర తెలుసా నీకు? ఆ డబ్బుకు ఆరు డబ్బాలొస్తాయి."

"డబ్బా ఖాళీది కాదు."

మునిరాజ చేతిలో క్రేటు ఆగిపోయింది. పెళ్లాం మొహంలోకి చూశాడు. బంగారం అనుకున్నాడు. ఎంత, ఎప్పుడు కొన్నావు అని కూడా అడగకుండా ఎక్కి కూర్చుని బండి తీశాడు. అతను ఏమనుకుంటున్నాడో కల్పనకు తెలుసు. తప్పు దిద్దడానికి ఇది సమయం కాదు.

పలమనేరు దాటేసరికి ఆరు. కల్పన ఫోను మోగింది. రెండో లైన్లో పనిచేసే చిన్నక్క.

"జీతం పడిందక్కా నాకు. నీకు పడిందా?"

కల్పన ఫోన్ కట్ చేసి భీమరావు నంబరు నొక్కింది, ఇంకా బిజీ. ఇంకో నిమిషానికి విచారణ కిటికీ ఆయన ఫోన్ చేశాడు. కండక్టరు దొరికాడు. సంచి బస్సులో లేదు. పక్క సీటాయన, మా చెల్లెలిదేనప్పా, నేనిస్తాలే అని తీసుకుని కుప్పంలో దిగిపోయాడు.

అప్పుడే మునిరాజ జేబులో ఫోను టింగుమంది. అతను ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసి చదివాడు. బండి నెమ్మదించింది.

"నీ కార్డుకు మెసేజి వచ్చిందే. కుప్పం ఏటీఎంలో డబ్బు తీయబోయినారంట."

కల్పన కళ్లు మూసుకుంది. "తీసినారా?"

"బ్యాలెన్సు చాలదంట."

కల్పన కళ్లు తెరిచింది. అంటే జీతం పడలేదు. పెండ్లిలో మేనేజరు ఫోనెత్తాడు. 'సూస్తా' అన్న మాటకు ఇన్నేళ్లకు ఒక అర్థం దొరికింది.

"నీ కార్డును మిషన్ మింగేసింది కదా?" అన్నాడు మునిరాజ.

"మింగింది."

"మదనపల్లెలో మింగి కుప్పంలో కక్కిందా?"

ఇక దాచి లాభం లేదు. కల్పన చెబుతుండగానే అతని ఫోను మోగింది. మాలతి మొగుడు సాయి.

"అన్నా, మా ఇంటామె కార్డుకు కుప్పం నుంచి మెసేజి వచ్చె. ఆమె కుప్పంలో ఏమి చేస్తాండాది?"

"ఆమె యాడుండాది ఇప్పుడు?"

"నా ముందరే ఉండాది. దోసెలు పోస్తాండాది."

"మరి ఆమెనే అడుగు."

"అడిగినా. నేను ఈడుంటే కుప్పంలో యాడుంటాను అంటాండాది. అదీ నిజమే కదన్నా."

వరసగా ఫోన్లే. హనుమంతు ఒక్కో కార్డూ పెడుతున్నాడు, ఒక్కో మొగుడి ఫోనూ మోగుతోంది. పన్నెండూ అయిపోగానే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అన్ని మెసేజీల్లోనూ ఒకటే ఏటీఎం. దొంగ ఎక్కడున్నాడో నిమిషానికొకసారి బ్యాంకే చెబుతోంది.

"కదలకుండా ఆడే ఉండాడు," అన్నాడు మునిరాజ. బంగారం పోయిందన్న బాధ కాసేపుండి, వేట హుషారు వచ్చింది. యాక్సిలేటరు తొక్కాడు.

ఆరూ యాభైకి కుప్పం బస్టాండు దగ్గరి ఏటీఎం ముందు బండి ఆగింది. బయట పదిమంది వరసలో నిలబడి ఉన్నారు. ఎవరి మొహమూ బాగాలేదు.

"ముప్పావు గంటగా లోపలే ఉండాడమ్మా," అన్నాడు ముందున్న పెద్దాయన. "ఆ మిషను ఇంటికి అల్లుడు వచ్చినట్టు. తలుపు కొడితే, ఒక్క నిమిషం సామీ అంటాడు."

కల్పన తలుపు తోసింది. హనుమంతు చెమటతో తడిసి ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ పోయింది. ఎడమచేతిలో డబ్బా మూత, కుడిచేతిలో చౌడమ్మ కార్డు.

ఆమెను చూసి మొహం విప్పార్చాడు. "వచ్చినావా చెల్లెమ్మా? నీకోసమే సూస్తాండా. నీ డబ్బు భద్రంగా ఉండాదా లేదా అని..."

"ఎన్నిసార్లు సూసినావన్నా?"

"ఏదో, రెండు మూడు సార్లు."

"మూడు సార్లు. పన్నెండు కార్డులు. ముప్పై ఆరు." కల్పన డబ్బా, మూత, కార్డు లాక్కుంది. "బ్యాలెన్సు లేకుండా పెడితే సారికి ఇరవై మూడు రూపాయల అరవై పైసలు పట్టుకుంటారు. మొత్తం ఎనిమిది వందల యాభై. మా జీతాల్లోంచి పోతాది. అది నువ్వు కట్టు."

హనుమంతు వరసలోని జనాన్ని చూశాడు. దారి లేదు. ముందున్న పెద్దాయన తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. హనుమంతు జేబులోంచి పర్సు తీసి తొమ్మిది వందలిచ్చాడు.

"యాభై చిల్లర లేదు," అంది కల్పన.

"ఉంచుకో చెల్లెమ్మా."

"ఉంచుకోను. నీ డబ్బు నాకెందుకు?" పెద్దాయనను అడిగి చిల్లర ఇప్పించింది.

"డీజిలు?" అన్నాడు వెనక నుంచి మునిరాజ. "రానుపోను పన్నెండు వందలు."

అది కూడా వసూలయ్యాక జనమే హనుమంతును పోలీసు స్టేషనుకు నడిపించారు. కల్పన ఫిర్యాదు రాసిచ్చింది. ఆయన సంచిలో వంద రోజుల రెట్టింపు స్కీము రసీదు పుస్తకాలు నాలుగు దొరికాయి. ఎస్సై వాటిని చూసి, ఈయన కోసం ఇంకో రెండు స్టేషన్లలో కూడా చూస్తున్నారని చెప్పి, ఆమెకు టీ తెప్పించాడు.

కథ ఇక్కడే అయిపోవాలి. అయితే తిరుగు ప్రయాణంలో మునిరాజ పోపుల డబ్బాను తన వైపు, స్టీరింగు పక్కన పెట్టుకున్నాడు.

"ఇట్లియ్యి," అంది కల్పన.

"ఉండనీలే. మళ్లీ యాడైనా మరిచిపోతావు."

మరిచిపోయిన మాట నిజమే. ఈలోగా మొగుళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మునిరాజ ఒక్కొక్కరికీ భరోసా ఇస్తున్నాడు. "దొరికినాయప్పా. నా దగ్గరే ఉండాయి. రేపు పొద్దున ఎవరిది వాళ్లకు ఇచ్చేస్తా. నువ్వే వచ్చి తీస్కపో."

నువ్వే వచ్చి తీస్కపో. కల్పన చీకట్లో కూర్చుని ఆ మాట పదకొండుసార్లు విన్నది. దొంగ చేతి నుంచి తెచ్చిన కార్డులు తెల్లారేసరికి మళ్లీ జేబుల్లోకి వెళ్లిపోతాయి. ఆరు నెలల బుధవారాలు, అంతే.

పలమనేరు దగ్గర భీమరావు ఫోన్ చేశాడు. బండి చప్పుడుకు వినపడక కల్పన స్పీకరు పెట్టింది.

"దొరికినాయంట కదమ్మా. మంచిది. మీ పన్నెండు పేర్లు తీసి పక్కన పెట్టినా. మేనేజరు ఫోను చేతిలోనే పెట్టుకోని ఉండాడు. ఒక్క బటను నొక్కితే పడిపోతాది. నొక్కేద్దునా?"

నొక్కమను అని మునిరాజ తలూపాడు. సోమవారం బండి అప్పు తాలూకు నెల కంతు కట్టాలి, ఆరు వేలు.

కల్పన స్టీరింగు పక్కనున్న డబ్బాను చూసింది.

"వద్దు సార్."

బండి ఒక్కసారి కుదిపినట్టయింది. భీమరావు కూడా కుర్చీలో కదిలిన చప్పుడు వినిపించింది.

"ఇంకా యాలమ్మా? కార్డులు దొరికినాయి కదా?"

"నా చేతికి రాలేదు సార్. సోమవారం పన్నెండు మందిమీ బ్యాంకుకు పోయి మా సొంత ఫోన్ నంబర్లు ఎక్కించుకుంటాం. కార్డులకు ఎవరి నంబరు వాళ్లు మార్చుకుంటాం. ఆ తర్వాత వచ్చి మీ ముందర సంతకాలు పెడతాం. అప్పుడు నొక్కండి."

"అంతవరకు జీతం లేకుండా ఉంటారా?"

"మా డిపాజిట్టు ఉండాది సార్. మేము ఉంటాం. ఉండలేనిది ఎవరో ఈడ నా పక్కనే ఉండాడు."

భీమరావు నవ్వు ఆపుకుంటూ ఫోన్ పెట్టేశాడు.

మునిరాజ గేరు మార్చాడు. తర్వాత, "మొగుణ్ణి పట్టుకోని దొంగ మాదిరి సూస్తాండావు," అన్నాడు.

"దొంగ మూడు గంటలు పెట్టుకున్నాడు మావా. నువ్వు పద్నాలుగేళ్లు పెట్టుకున్నావు."

"నేనేమన్నా తాగి తగలేసినానా?"

"అప్పుడప్పుడు తగలేసినావు. దానికి కాదు నేను చెప్పేది. నా జీతం ఎంతో నాకు తెలీదు. మిషన్ మింగిందని అబద్ధం చెప్పి, మొదటిసారి నేనే తీసుకున్న రోజు తెలిసింది. పన్నెండు వేల నాలుగు వందలు. నువ్వు నాకు తొమ్మిది అని చెప్తా ఉంటివి."

మునిరాజ అద్దంలోకి చూశాడు. వెనక ఏ బండీ రావడం లేదు, చూడటానికి ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశాడు.

"బండి కంతుకు పోతాండె ఆ మూడు వేల చిల్లర," అన్నాడు చివరికి.

"అడిగుంటే ఇచ్చుందును కదా."

పుంగనూరు పొలిమేర దగ్గర బండి పక్కకు తీసి ఆపాడు. డబ్బా తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. తర్వాత సాయికి ఫోన్ చేశాడు.

"సాయీ, రేపు రావద్దు. కార్డులు మా ఇంటామె దగ్గర ఉండాయి. సోమవారం మీ ఇంటామెను తొమ్మిదిన్నరకంతా బ్యాంకు దగ్గరికి తీస్కరా. లేటయితే జీతం లేదంట." అవతల ఏదో గట్టిగా అన్నారు. "నన్నెందుకు తిడతావప్పా? నాది కూడా ఆపేసినారు."

సోమవారం మదనపల్లెలో బ్యాంకు తెరవక ముందే పదకొండు బైకులు, మునిరాజ బండి వచ్చాయి. నెలనెలా కార్డు జేబులో పెట్టుకుని ఏటీఎంకు పరుగెత్తిన మొగుళ్లు, ఇవాళ పద పద అని వాళ్లనే లోపలికి తోశారు. చౌడమ్మ మొగుడైతే ఆధార్ జిరాక్సులు మూడు సెట్లు తీయించుకొచ్చాడు. కొత్త ఫోన్ నంబర్లు మధ్యాహ్నానికి ఎక్కాయి.

భార్గవి కూడా వచ్చింది. ఏటీఎం ముందు వాళ్లను నిలబెట్టి, నంబరు ఎట్లా పెట్టుకోవాలో మళ్లీ చెప్పింది. ఈసారి ఉదాహరణ ఇవ్వలేదు. అట్ట మీద నాలుగు ఖాళీ గళ్లు గీసి చూపించింది. నాగరత్నమ్మ ఆ నాలుగు గళ్లనూ శ్రద్ధగా నోటుపుస్తకంలో దించుకుంది.

"ఎవరికి వాళ్లు," అంది భార్గవి. "ఒక్కొక్కరే లోపలికి పోండి. నాకు కూడా చెప్పొద్దు. కల్పనకు అసలే చెప్పొద్దు."

ఒక్కొక్కరే లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. మాలతికి చాలాసేపు పట్టింది. బయట సాయి మెడ చాచి అద్దంలోంచి చూడబోతే భార్గవి అడ్డంగా నిలబడింది.

రెండింటికి టైమాఫీసులో సంతకాలయ్యాయి. భీమరావు బటను నొక్కించాడు. కల్పన చేతిలో ఫోను మోగింది. బ్యాంకు నుంచి ఆమె ఫోనుకు వచ్చిన మొదటి మెసేజి. రెండుసార్లు చదువుకుని గేటు బయటికి వచ్చింది.

మునిరాజ బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "పడిందా?"

"పడింది."

"కంతు ఆరు వేలు కావాల."

"ఇస్తా. ఎన్నాళ్ల అప్పు అది? వడ్డీ ఎంత?"

"నెలకు ఆరు వేలు."

"అది కంతు. వడ్డీ ఎంత అని అడుగుతాండా."

మునిరాజ తల గోక్కున్నాడు. బండి తలుపు తీసి, సీటు వెనక నుంచి నూనె మరకలు పడిన కాయితాల కట్ట లాగి ఇచ్చాడు. మూడేళ్లుగా నెలనెలా కంతు కడుతున్నాడు, ఒక్కరోజూ దాన్ని విప్పి చూడలేదు. కల్పన గేటు పక్కనున్న గట్టు మీద కూర్చుని మొదటి పేజీ తీసింది. అతను వచ్చి పక్కన కూర్చుని ఆమె భుజం మీదుగా చూశాడు.

"ఈ గళ్లేంది? ఈ చిన్నచిన్న అంకెలేంది?"

కల్పన చాలాసేపు చదివింది. సగం అర్థమైంది. మిగతా సగానికి భార్గవి కావాలి.

"బుధవారం ఇవి తీస్కోని రా మావా. ఒంటిగంటన్నరకు క్లాసు."

"నేనా? ఆడోళ్ల క్లాసుకా?"

"లోపల చోటు లేదులే. కిటికీ దగ్గర నిలబడి విను."